సింథసైజరు ముందు పిల్లి, వెనక అత్తగారు

మా ఇంట్లో పిల్లికి ఉన్న పేరు నాకు లేదు. మొన్న మలికిపురం బజార్లో వంకాయలు ఏరుకుంటుంటే ఒకావిడ ఆగి, నా ముఖంలోకి కాసేపు చూసి, “మీరు ఆ పిల్లిగారి తాలూకాండీ?” అని అడిగింది. ఆయ్ అన్నాను. ఇన్నేళ్ళుగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళ నిండా ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ బజార్లో ఆగి నన్ను పలకరించిన పాపాన పోలేదు. పిల్లికి మాత్రం అభిమానులు.

ఆ పేరు తెచ్చిపెట్టింది నేనే కాబట్టి ఎవరి మీదా ఏడవడానికి లేదు. మా ఆయన మా ఊరి చర్చిలో కీబోర్డు వాయిస్తారు. వారమంతా బ్యాంకు ఉద్యోగం, ఆదివారం సంగీతం. ఇంటి ముందు గది మొత్తం ఆయన సామాను. పాత కీబోర్డు, పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడు, బటన్ నొక్కితే తంబూరాలా మోగే శ్రుతిపెట్టె, చెవులు పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్లు. వాటి మీద దుమ్ము కనపడితే ఆయనకి అన్నం సహించదు. చుట్టూ కొబ్బరి తోటలు కావడంతో మాకు ఎలకలకి లోటు లేదు. ఓసారి అవి ప్యాడు వైరు కొరికేస్తే, నేను స్కూలు వెనక తిరుగుతున్న ఓ పిల్లిపిల్లని చీర చెంగులో చుట్టి తెచ్చాను. తెల్లటి ఒళ్ళు, కుడి కంటి మీద గోధుమరంగు మచ్చ. అది ఎలకల జోలికి పోలేదు. ఎలకలూ దాని జోలికి రాలేదు. వాళ్ళలో వాళ్ళు ఏదో రాజీకి వచ్చినట్టున్నారు. అది మాత్రం నేరుగా వెళ్ళి కీబోర్డెక్కి కూర్చుంది.

ఫొటో అంటే ఏమిటో దానికి పుట్టుకతోనే తెలుసు. నేను ఫోను ఎత్తగానే ఒళ్ళు సర్దుకుంటుంది. గడ్డం కొంచెం పైకెత్తి, పెళ్ళిచూపుల్లో కూర్చున్న పెళ్ళికొడుకులా నన్ను కాకుండా నా వెనకున్న గోడని చూస్తుంది. మొదటి ఫొటో సరదాకి స్టేటస్‌లో పెట్టాను. మర్నాడు స్టాఫ్ రూములో అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. ఇక నాకు పూనకం వచ్చింది. ప్యాడు మీద పిల్లి, శ్రుతిపెట్టెకి చెవి ఆనించిన పిల్లి, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకున్న పిల్లి. అమలాపురం చుట్టాలు పొద్దున్నే ఫోన్ చేసి “ఇవాళ పిల్లి ఏదమ్మా?” అని అడిగేవారు. నా క్షేమం అడగడం మానేశారు. కొత్తపేటలో టీచరుగా ఉన్న నా స్నేహితురాలు పంతం పట్టి, తన పిల్లిని బొమ్మ పియానో మీద కూర్చోబెట్టి ఫొటో పంపింది. అందులో పియానో ఉంది, తోక ఉంది, మిగతా పిల్లి అప్పటికే ఫొటో దాటి వెళ్ళిపోయింది.

నా దగ్గర కిటుకు ఉంది. ఎండురొయ్యలు. కీబోర్డు నల్ల మెట్ల సందుల్లో రెండు రొయ్యలు ఇరికిస్తే చాలు, పిల్లి ఎంతో శ్రద్ధగా మెట్ల మీదకి వంగి, ఏ రాగం ఎత్తుకుందామా అన్నట్టు చెయ్యి వేస్తుంది. మా ఆయన సాధన చేసి లేచి, భోజనానికి కూర్చోబోతూ వేళ్ళు వాసన చూసుకుని, “ఏమోయ్, ఈ కీబోర్డు రొయ్యలబుట్ట వాసన వస్తోందేంటి?” అనేవారు. “సముద్రం గాలండీ” అనేదాన్ని.

మా అత్తగారి సంగతి కూడా చెప్పాలి. ఆవిడకి డెబ్బై దాటాయి. ఆవిడ మర్యాద ఎంతటిదంటే పిల్లిని కూడా మీరు అంటారు. “కాస్త అలా జరగండి, తొక్కేస్తాను” అని దానికి చెబుతారు. నన్ను మాత్రం “ఒసే అమ్మాయ్” అంటారు. ఈ ఇంట్లో నాకూ పిల్లికీ ఉన్న తేడా అది. నా ఫొటోల పిచ్చి చూసి ఆవిడ ఒక్కసారీ విసుక్కోలేదు. నేను ఫొటో తీస్తుంటే గుమ్మంలో నిలబడి, పిల్లిని కాదు, కీబోర్డుని చూస్తూ ఉండేవారు. అప్పట్లో నేనది పట్టించుకోలేదు.

ఇలా ఉండగా సంఘం వాళ్ళు చర్చికి కొత్త సింథసైజరు కొన్నారు. ఊరంతా దాన్ని కీబోర్డనే అంటుంది, మా ఆయన మాత్రం అన్నవాళ్ళందరినీ ఆపి దిద్దుతారు. చర్చిలో పెడితే ఎలకలు బతకనివ్వవని, కోతపండగ ఆదివారం దాకా మా ఇంట్లో ఉంచమన్నారు. పండగ రోజున అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థన అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ఈ రూలు మా సంఘంలో ఎంత గట్టిదో తెలియాలంటే ఫ్యాన్ల సంగతి వినాలి. నిరుడు నడివేసవిలో చర్చికి కొత్త ఫ్యాన్లు బిగించారు. ఆ ఆదివారం అయ్యగారు రాజమండ్రిలో మీటింగుకి వెళ్ళారు. ప్రార్థన కాలేదు కాబట్టి స్విచ్చి వెయ్యలేదు. అందరం కొత్త ఫ్యాన్ల కింద కూర్చుని, పాటల పుస్తకాలతో విసురుకుంటూ ఆరాధన పూర్తిచేశాం. స్విచ్చి దగ్గర కాపలా కాసింది మా మావయ్యగారు. ఆయన మా అత్తగారి సొంత తమ్ముడు, సంఘం సెక్రటరీ. ఆయనకీ చెమటలు కారిపోయాయి, కానీ చెయ్యి స్విచ్చి మీదకి పోలేదు.

అంచేత కొత్త సింథసైజరు ఇంటికి రాగానే మా ఆయన దాన్ని స్టాండు మీద పెట్టి, పట్టుగుడ్డ కప్పి, నా వైపు తిరిగి, “పిల్లి లేదు, ఫొటో లేదు, రొయ్య అసలే లేదు” అన్నారు. ఆయన వంక చూసి పిల్లి ఆవలించింది. నేను తలూపాను.

నిజంగానే నేను ముట్టుకోలేదు. కానీ ఒకరోజు స్కూలు ఒంటిపూటకే వదిలేస్తే ఇంటికొచ్చి తలుపు తీసేసరికి, సింథసైజరు ముందున్న స్టూలు మీద పిల్లి నిటారుగా కూర్చుని ఉంది. ముందు కాళ్ళు రెండూ తెల్ల మెట్ల అంచు మీద. కళ్ళు అరమోడ్పు. పట్టుగుడ్డ పక్కన ఉంది. అలాంటి ఫొటో జన్మానికో శివరాత్రి అన్నట్టు దొరుకుతుంది. ఎవరు తీశారు, ఎలా తీశారు అని ఆలోచించే ఓపిక నాకు లేకపోయింది. తీశాను, ‘ప్రతిష్ఠకి ముందు రిహార్సల్’ అని రాసి స్టేటస్ పెట్టాను.

గంట తిరక్కుండా మావయ్యగారు ఫోన్ చేశారు.

“అమ్మాయ్, ఫొటో పెద్దది చేసి చూసేను. ఆ పెట్టె మీద నీలం లైటు వెలుగుతోందేంటమ్మా?”

నేను పరుగెత్తుకెళ్ళి చూశాను. లైటు ఇప్పుడు లేదు. ఫొటోలో ఉంది. అంటే ఫొటో తీసినప్పుడు ఎవరో దాన్ని ఆన్ చేసే ఉంచారు, తరవాత ఎవరో ఆపారు. “మా ఆయన్ని అడిగి చెబుతానండీ” అని ఫోన్ పెట్టేసి, అప్పుడు పట్టుగుడ్డ వైపు చూశాను. నాలుగు మూలలూ కలిపి, అంచు మీద అంచు పెట్టి మడతపెట్టి ఉంది. మా ఇంట్లో అలా మడతపెట్టే చెయ్యి ఒకటే. మా ఆయన మడతపెడితే మూట అవుతుంది. నేను పెడితే ఉండ అవుతుంది. పిల్లికి ఆ విద్య రాదు.

వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు చేమదుంపలు ఒలుస్తున్నారు.

“అత్తయ్యగారూ, సింథసైజరు మీద గుడ్డ మీరు తీసేరాండీ?”

“నేనెందుకు తీస్తానే? పిల్లి తీసుంటాది.”

“మడతెట్టి మరీ తీసిందాండీ?”

ఆవిడ దుంప మీంచి చూపు తిప్పకుండా, “తెలివైన పిల్లి” అన్నారు.

మర్నాడు నేను స్కూల్లో తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నానికే బయటపడ్డాను. స్కూటీ వీధి మొదట్లో ఆపేసి, దడి పక్కనుంచి నడుచుకుంటూ వచ్చి కిటికీలోంచి చూశాను. అత్తగారు స్టాండుని గోడ నుంచి కాస్త ముందుకి లాగి, గోడకీ సింథసైజరుకీ మధ్య సందులో నిలబడి ఉన్నారు. వాయించేవాళ్ళు కూర్చునే వైపు కాదు, దాని వీపు వైపు. కొప్పు మీంచి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. బటన్ల మీదుగా చేతులు అవతలికి చాచి, మెట్లు నొక్కుతున్నారు. గదిలో శబ్దం లేదు. మెట్లు కింద తగిలే టిక్కు టిక్కు మాత్రమే. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఎదురుగా, అసలు స్టూలు మీద, పిల్లి విద్వాంసుడిలా కూర్చుని ఆవిడ వేళ్ళని చూస్తోంది.

నాకు నవ్వు రావాలి. రాలేదు. ఈ ఇంటికి వచ్చాక ఆవిడ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. తన మిగతా పిల్లల పెళ్ళిళ్ళలో కూడా లేదు. చాటుగా చూస్తున్నందుకు సిగ్గేసింది, కదలబుద్ధీ కాలేదు. ఆవిడ తప్పు వైపు ఎందుకు నిలబడ్డారో అర్థం కాలేదు గానీ ఒకటి మాత్రం అర్థమైంది. ఈ సంగతి బయటపడితే ఆవిడని ఎవరూ తిట్టరు, నవ్వుతారు. ఈ వయసులో ఈవిడకి ఇదేం సరదా అని అందరూ ముద్దుగానే నవ్వుతారు. ఆ నవ్వు ఒక్కసారి వింటే ఆవిడ మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళరు. నాకు ఆవిడ సంగతి తెలుసు. అందుకని చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళి, వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర అక్కర్లేని సోడా తాగి, మామూలు వేళకి ఇంటికి వచ్చాను.

శనివారం సాయంత్రం మావయ్యగారు అయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చారు. కుర్చీలు వేశాను, టీ ఇచ్చాను. మావయ్యగారు టీ ముట్టకుండా మా ఆయన్ని నిలదీశారు.

“ఒరే అల్లుడూ, నువ్వు వాయించేవా, లేదా?”

“లేదండీ మావయ్యగారూ. గుడ్డ కూడా ఎత్తలేదు.”

మా ఆయనకి అబద్ధం ఆడటం చేతకాదు. ఆడబోతే చెవులు ఎర్రబడిపోతాయి. ఆ సాయంత్రం చెవులు మామూలు రంగులోనే ఉన్నాయి. మావయ్యగారూ చిన్నప్పటి నుంచి ఆ చెవులు ఎరిగినవారే, నమ్మారు.

“మరి లైటెవరేసేరు?”

అప్పుడు నేను ముందుకొచ్చాను. “పిల్లేనండీ” అన్నాను. నా చెవులు ఎలాంటి సందర్భంలోనూ రంగు మారవు. ఫోను తీసి పాత ఫొటోలన్నీ వరసగా చూపించాను. ఇదిగోనండీ, ప్యాడు బటన్ మీద కాలు. ఇదిగోనండీ, శ్రుతిపెట్టె స్విచ్చి మీద ముక్కు. దీనికిది మొదట్నించీ అలవాటేనండీ. పెద్ద లాయరులా వాదించాను. అయ్యగారు ఒక్కో ఫొటో దగ్గరా ఆగి, “ఇది బాగుందమ్మా, ఇది నాకు పంపించు” అన్నారు. కేసు గెలిచేశాననే అనుకున్నాను.

“సరే, అయితే పిల్లిని ఉంచడానికి లేదు” అన్నారు మావయ్యగారు. “రేప్పొద్దున పండగలో జనం ఏమంటారు? దేవుడి పెట్టెని ముందుగా పిల్లే మొదలెట్టిందంటారు. దీన్ని పంపించేస్తే, అదిగో, తప్పుచేసింది వెళ్ళిపోయిందని ఊరుకుంటారు. సంచి తేరా అల్లుడూ. రేవు దాటించేద్దాం.”

రేవు దాటించడం అంటే మా వైపు పిల్లికి దేశబహిష్కారం. పాలు తాగే పిల్లినో, కోడిపిల్లల్ని ఎత్తుకెళ్ళే పిల్లినో కాలవ అవతల వదిలితే లాభం లేదు, మనకన్నా ముందే వంతెన దాటి ఇంటికొచ్చేస్తుంది. అందుకని గోనెసంచిలో పెట్టి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి, గోదావరి దాటించి నర్సాపురంలో వదిలేస్తారు. అంత గోదారిని ఏ పిల్లీ ఈదలేదు.

మా ఆయన తల వంచుకుని కొబ్బరికాయల గోనెసంచి తెచ్చారు. నిజం చెబితే అత్తగారు అందరి నోళ్ళలో పడతారు. చెప్పకపోతే పిల్లి పోతుంది. అత్తగారిని కాపాడబోయి పిల్లి మెడకి ఉరి బిగించింది నేనే. దాన్ని సంచిలోకి ఎలా తోస్తారా అని చూస్తున్నాను. ఎవరూ తొయ్యక్కర్లేకపోయింది. సంచి కనపడగానే పిల్లి తనంతట తనే లోపలికి నడిచి, ఒకసారి చుట్టూ తిరిగి, తల బయటపెట్టి కూర్చుని, గడ్డం పైకెత్తి నా వైపు చూసింది. ఫోను ఎత్తుతానని. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. మావయ్యగారు కుర్చీలోంచే చెయ్యి చాచి సంచి మూతి పట్టుకుని పైకెత్తారు.

“ఆ సంచి కింద పెట్టరా తమ్ముడూ.”

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతులు చెంగుకి తుడుచుకుంటూ గదిలోకి వచ్చారు.

“పిల్లి కాదు. నేను వాయించేను.”

మావయ్యగారు నవ్వారు. సరిగ్గా నేను భయపడ్డ నవ్వే. “నీకు వాయించడం ఎక్కడొచ్చక్కా? నువ్వు పెట్టె ముందు ఎప్పుడు కూర్చున్నావు?”

“పెట్టె ముందు కూర్చున్నది నువ్వురా. నేను వెనక కూర్చున్నాను.” ఆవిడ గొంతు పెంచలేదు. “నాన్న నీకు హార్మోణీ నేర్పించేడు. నీ ఎడంచెయ్యి పెట్టె వెనకున్న గాలి బెల్లో దాకా అందేది కాదు. తమ్ముడికి నువ్వు గాలి కొట్టవే అన్నాడు. అంతకాలం నీకెదురుగా కూర్చుని గాలి కొట్టేను. నీ వేలు ఏ మెట్టు మీద పడుతుందో చూడ్డం తప్ప నాకింకేం పని? నాకు అన్ని కీర్తనలూ వచ్చు. అటునించి వచ్చు. దీనికి గాలి కొట్టక్కర్లేదు కదా, అందుకని చూద్దామనిపించింది.”

మావయ్యగారి ముఖం మీద నవ్వు ఇంకా ఉంది, కానీ దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకి తెలియలేదు. అయ్యగారు టీ కప్పు కింద పెట్టి, “వాయించండమ్మా, వింటాం” అన్నారు.

“ప్రార్థన అవ్వలేదండీ” అన్నారు మావయ్యగారు, అలవాటు కొద్దీ.

“ఆవిడ ఇప్పటికే వాయించేసేరు కదండీ. దేవుడికి అభ్యంతరమే ఉంటే కరెంటు తీసేసేవాడే. మన ఊళ్ళో కరెంటు తియ్యడం ఎంత పనండీ?”

అత్తగారు స్టాండు వెనక్కి వెళ్ళారు. మా ఆయన పట్టుగుడ్డ తీసి, స్విచ్చి వేశారు. హెడ్‌ఫోన్ల వైరు పీకేశారు. మొదటిసారి ఆ వాయిద్యం శబ్దం గదిలోకి వచ్చింది. ఆవిడే ఉలిక్కిపడి ఒక్క క్షణం చేతులు వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఒక చేతి రెండు వేళ్ళతో, నెమ్మదిగా, మేమంతా ఎరిగిన కీర్తనే. పల్లవి అయింది. చరణంలో ఒక చోట స్వరం పక్క మెట్టు మీద పడింది. మా ఆయన మొహం చిట్లించారు. ఆవిడ ఆగలేదు, రెండో చరణంలోనూ అక్కడే, అదే మెట్టు.

మావయ్యగారు కుర్చీలోంచి లేచారు. “అక్కడ తప్పక్కా” అన్నారు. “అక్కడ నేను ఎప్పుడూ తప్పేవాణ్ణి. నాన్న అక్కడే కొట్టేవాడు.”

“నువ్వు వాయించిందే కదరా నేను చూసింది. తప్పో ఒప్పో నాకెవరు చెప్పేరు?”

ఆయన గోనెసంచి దగ్గరికి వెళ్ళి వంగి పిల్లిని బయటికి తీశారు. అది బయటికి రానని గోళ్ళు పట్టింది. ఖాళీ సంచి మడతపెట్టి చంకలో పెట్టుకుని, టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

మర్నాడు కోతపండగ. అరటిగెలలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, బుట్టల నిండా కోడిగుడ్లతో చర్చి ముందు భాగం నిండిపోయింది. సింథసైజరుని వేదిక పక్కన గోడకి ఆనించి పెట్టాం. నేను అత్తగారి పక్కన కూర్చున్నాను. ఆవిడ నిన్నటి నుంచి నాతో పెద్దగా మాట్లాడలేదు. తమ్ముడు అలా వెళ్ళిపోవడం ఆవిడకి కష్టంగా ఉందని తెలుస్తోంది. అయ్యగారు చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాం. మా ఆయన స్టూలు వైపు నడిచారు.

మావయ్యగారు ఆయన్ని చెయ్యి అడ్డుపెట్టి ఆపారు. తనే వెళ్ళి స్టాండుని రెండు చేతులా పట్టుకుని, గోడ నుంచి ముందుకి లాగారు. వెనక ఒక మనిషి నిలబడేంత చోటు వచ్చింది. అప్పుడు ఆడవాళ్ళ వైపు తిరిగి, “అక్కా, రా” అన్నారు.

చర్చి అంతా వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు, వదిలారు, లేచి వెళ్ళారు. గోడకీ వాయిద్యానికీ మధ్య నిలబడ్డారు. గుసగుసలు మొదలయ్యాయి, ఈవిడ అటు నిలబడిందేంటని. మావయ్యగారు ఆవిడకి ఎదురుగా, స్టూలు పక్కన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయారు.

అత్తగారు ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. “ఊరికే నిలబడతావేంట్రా? పుస్తకం పట్టుకో. నీ వైపు కాదు, నా వైపు తిప్పి పట్టుకో.”

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. పాటల పుస్తకం తెరిచి, ఆవిడకి కనపడేలా తిప్పి, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. మా సంఘంలో పాట ఎత్తుకోవలసింది సెక్రటరీగారే. ఆయనకి అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి, పైగా కళ్ళు తడిగా ఉన్నాయి. చదువుకుంటూ, తడుముకుంటూ పాడారు. ఆయన వెనకబడిన చోటల్లా మా అత్తగారు వేలు మెట్టు మీదే ఉంచి, ఆయన అందుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి వెళ్ళారు.